ఎన్నడూ ఎండని చలివేంద్రం

మా వెంచర్‌లో ఇప్పటికీ ఒక మాట తిరుగుతోంది. పక్కింటామె కోళ్ళ రోగం తగిలి నా పిట్టలు చచ్చిపోయాయని, ఆమె కోళ్ళను పంపించేశాకే పిట్టలు కోలుకున్నాయని. కొత్తగా ఇల్లు కట్టుకుని వచ్చినవాళ్ళకు కూడా ఎవరో ఒకరు ఈ కథ చెబుతారు. ఆ మాట పుట్టింది నా నోట్లో. అది అబద్ధం. ఆమె కోళ్ళు ఇంకా ఆమె వాకిట్లో తిరుగుతుండగానే అది అబద్ధమని నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను.

తర్వాత చాలామందికి నిజం చెప్పాను. చెప్పిన ప్రతిసారీ అది ఇంకోలా అర్థమైంది. అందుకే మొదటి నుంచి జరిగింది జరిగినట్టు ఒకచోట రాసిపెడుతున్నాను.

మాది కృష్ణా కాలువల కింది ఊరు. ఇంజనీరింగ్ కాలేజీలో బస్సుల అజమాయిషీ ఉద్యోగం దొరికి హైదరాబాదు పక్కనున్న ఇబ్రహీంపట్నం వచ్చాను. ఏ బస్సు నాదర్‌గుల్ మీదుగా పోవాలి, ఏది మంచాల రోడ్డున పోవాలి, ఒక డ్రైవరు రాకపోతే ఎవర్ని ఎక్కించాలి, ఇదే నా పని. కొన్నేళ్ళకు ఊరి అంచున వేసిన వెంచర్‌లో ప్లాటు కొనుక్కుని ఇల్లు కట్టుకున్నాం. వరసలో మాదే చివరి ఇల్లు. మా ప్రహరీకి అవతల ఆమె ఇల్లు. అది వెంచర్‌లోది కాదు. ఈ భూములు ప్లాట్లు కాకముందు, జొన్న చేలుగా ఉన్నప్పటి నుంచీ అక్కడే ఉన్న రేకుల ఇల్లు. తాతల కాలం నుంచి ఈ ఊళ్ళో ఉంటున్న ముస్లిం కుటుంబం. ఆమె భర్త ట్రాలీ ఆటో నడుపుతాడు. ఆమె నాటుకోళ్ళు పెంచి గుడ్లు అమ్మేది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. నేను అక్కా అనేవాణ్ణి. ఆమె నన్ను సారు అనేది, నా భార్యను చెల్లె అనేది.

ఇక్కడికొచ్చిన మొదటి ఎండాకాలమే నాకు నీళ్ళ భయం పట్టుకుంది. మా ఊళ్ళో ఇంటి ముందు నుంచే కాలవ పారేది. ఇక్కడ ఫిబ్రవరి దాటితే బోరు దగ్గుతుంది, మార్చిలో ఆగిపోతుంది, ఆ తర్వాత ట్యాంకరు. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకుకు, బట్టలు జాడించిన నీళ్ళు సపోటాకు, ఇలా ఒక్కొక్క చెంబుకూ ఒక లెక్క వచ్చేసింది. నీళ్ళు ఒలకబోస్తే ఒంట్లో ఏదో తెగినట్టు ఉండేది.

అలాంటి చోట, ఒక మధ్యాహ్నం, మోటారు దగ్గర కారే చుక్క కోసం ఒక గువ్వ నోరు తెరుచుకుని కూర్చోవడం చూశాను. ఆ సాయంత్రమే రోడ్డు మీద కుండలమ్మే చోటికి వెళ్ళి వెడల్పాటి మట్టి మూకుళ్ళు రెండు తెచ్చి, ఒకటి ప్రహరీ మీద, ఒకటి సపోటా కింద పెట్టాను. పక్కనే ఒక పళ్ళెంలో నూకలు. వారం తిరిగేసరికి గువ్వలు, పిచ్చుకలు, గోరింకలు వచ్చేశాయి. అప్పుడప్పుడు ఒక పికిలిపిట్ట జంట వచ్చి, మిగతావాటితో మాకేం పనన్నట్టు ఒక పక్కన తాగి పోయేది.

దానికి నేనే పేరు పెట్టాను, పిట్టల చలివేంద్రం అని. మా ఊరి సెంటర్లో ఉగాదికి తాటాకు పందిరి వేసి చలివేంద్రం పెట్టేవాళ్ళు. కుండలో నీళ్ళు కొంచెం తగ్గితే చాలు, ఆ కూర్చున్న ముసలాయన బిందె ఎత్తి పోసేవాడు. అడుగు కనబడితే పెట్టినవాడి పుణ్యం పోతుందని అనేవాడు. చిన్నప్పుడు బడి నుంచి వచ్చేటప్పుడు ఆ పోయడాన్ని చూసీ చూసీ అదొక నియమంలా నా బుర్రలో నాటుకుంది. నేనూ అదే పాటించాను. పొద్దున పోసేవాణ్ణి, కాలేజీ నుంచి వచ్చాక పోసేవాణ్ణి. మూకుడు అడుగు కనబడనివ్వలేదు. ఎవరొచ్చినా గొప్పగా చెప్పేవాణ్ణి: ఉగాదికి పోసిన మూకుడు, వానలు పడేదాకా ఎండదు.

ఎండదు అంటే, ఖాళీ కాదు అని. ఖాళీ కాదు అంటే, కడగలేదు అని. అది నాకు తట్టలేదు. పాత నీళ్ళ మీద కొత్త నీళ్ళు, వాటి మీద రెట్టలు, ఈకలు, నానిన నూకలు. ఆకుపచ్చగా పాకుడు పడితే చల్లదనానికి మంచిదనుకున్నాను. పారబోసి కడగడానికి ఎన్ని నీళ్ళు పోతాయో తలుచుకుంటేనే చెయ్యి వచ్చేది కాదు.

రెండో ఏడు పేరు పాకింది. మా కాలేజీ పిల్లలు వీడియో తీసి ఎక్కడెక్కడో పెట్టారు. వెంచర్ సంఘం వాళ్ళు పిట్టల చలివేంద్రం అని రేకు బోర్డు రాయించి నా గేటుకే బిగించారు. సంఘం అధ్యక్షుడు ఇక్కడివాడే, ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. కొనేవాళ్ళను తీసుకొచ్చినప్పుడు మా గేటు దగ్గర కారు ఆపి, చూడుండ్రి, మా దగ్గర పిట్టలకు గూడ కొరత లేదు అని చూపించేవాడు. నాకు ఇష్టంగానే ఉండేది. ఎండలో బస్సుల వెంట తిరిగే మనిషికి ఇంటి గేటు మీద ఒక బిరుదు ఉండటం చిన్న విషయం కాదు.

ఆ ఎండాకాలంలోనే ఒక గువ్వ తేడాగా కనిపించింది. ఒళ్ళంతా ఈకలు ఉబ్బించుకుని మూకుడు అంచునే కూర్చునేది. గింజ నోట్లో పెట్టుకునేది, మింగలేక రాల్చేసేది. గడ్డం కింద తడి. దగ్గరికెళ్ళినా ఎగిరేది కాదు. నా మీద నమ్మకం కుదిరిందనుకున్నాను. మర్నాడు అది సపోటా కింద పడి ఉంది. ఆ తర్వాత ఇంకొకటి, ఆ తర్వాత రోజూ ఏదో ఒకటి. పొద్దున్నే ఎవరూ చూడకముందు ఏరి, చెట్టు మొదట్లో గొయ్యి తీసి పాతేవాణ్ణి. నీళ్ళు చాలడం లేదేమోనని ఇంకా ఎక్కువ పోశాను.

దాచినా దాగలేదు. ఒకటి వెళ్ళి ఎదురింటివాళ్ళ కారు మీద పడింది. వెంచర్ వాట్సాప్ గ్రూపులో ఫొటో వచ్చింది. బర్డ్ ఫ్లూనా అని ఒకరు, పిల్లల్ని బయటికి పంపకండి అని ఒకరు. మధ్యాహ్నానికి అధ్యక్షుడు ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకుని మా గేటు దగ్గరికి వచ్చాడు.

"సారు, గీ పిట్టలెందుకు సస్తున్నయ్? గ్రూపుల మస్తు మంది అడుగుతున్నరు. ఏదో ఒకటి చెప్పాలె గద."

ఆయన వెనక ఇంకో ఇద్దరున్నారు. నా తలకు పక్కనే ఆ బోర్డు. అదే సమయానికి పక్కింటామె పెట్ట ఒకటి రెక్కలు కొట్టుకుంటూ ప్రహరీ ఎక్కి, మూకుట్లోకి మెడ వంచి నీళ్ళు తాగింది. ముగ్గురూ దాన్నే చూశారు. నేనూ చూశాను.

"కోళ్ళ నుంచి ఏదో తగులుతున్నట్టుంది" అన్నాను.

తగులుతోంది అనలేదు, తగులుతున్నట్టుంది అన్నాను. ఆ మాటలో ఒక సందు పెట్టుకున్నాననుకున్నాను, కావాలంటే వెనక్కి వచ్చేందుకు. సాయంత్రానికి ఆ సందు మూసుకుపోయింది. పిట్టల సారే చెప్పిండు, కోళ్ళ రోగమట అని వీధంతా పాకింది. అసలే ఆ కోళ్ళు వెంచర్ రోడ్ల మీద తిరుగుతాయని, పెంట వేస్తాయని కొందరికి కోపం. ఇప్పుడు వాళ్ళకు చదువుకున్న కారణం దొరికింది. ఎల్లుండి సాయంత్రం మీటింగు అన్నారు.

మర్నాడు పొద్దున ఒక గువ్వ బతికే ఉండి దొరికింది. నా భార్య దాన్ని చెప్పుల డబ్బాలో పెట్టి, కోళ్ళదో కాదో తేల్చుకు రండి, ఊరికే ఒకరి మీద అనకూడదు అంది. పశువుల దవాఖానకు తీసుకెళ్ళాను. అక్కడ గొర్రెల మంద ఒకటి, సూది కోసం వచ్చిన గేదె ఒకటి ఉన్నాయి. డాక్టరు వయసులో చిన్నవాడు. డబ్బాలో గువ్వను చూసి నవ్వలేదు. ఒక చేత్తో పట్టుకుని ముక్కు తెరిచి లోపలికి టార్చి వేశాడు. నన్ను వంగి చూడమన్నాడు. గొంతులో విరిగిన పాలలాగా పసుప్పచ్చటి ముద్ద. దారి పూర్తిగా మూసుకుపోయింది. ఎదురుగా గింజలున్నా ఆకలితో చచ్చిపోతుంది అన్నాడు.

జబ్బు పేరు ఇంగ్లీషులో చెప్పి, గొంతుపుండు అనుకోండి అన్నాడు. ఒక పిట్ట ఎంగిలి నీళ్ళలో పడుతుంది, ఆ నీళ్ళు ఇంకో పిట్ట తాగుతుంది. గువ్వలకు, పావురాలకు ఎక్కువ. ఎక్కడెక్కడివో వచ్చి ఒకే గిన్నెలో మూతి పెడితే తొందరగా పాకుతుంది. అప్పుడు అడిగాడు, గిన్నెలు రోజూ కడుగుతారా అని.

"రోజూ రెండు పూటలా నింపుతానండీ" అన్నాను.

"నింపుడు గాదు సార్. కడుగుడు అడుగుతున్న."

నేను డబ్బా మూత వైపు చూశాను. ఆయనకు అర్థమైంది. కోప్పడలేదు. కొన్నాళ్ళు నీళ్ళు, గింజలు రెండూ పూర్తిగా ఆపేయండి, పిట్టలు చెదిరిపోతే రోగం కూడా చెదిరిపోతుంది అన్నాడు. ఆ తర్వాత పెట్టదలుచుకుంటే రోజూ పారబోసి, పీచుతో తోమి, ఎండలో పూర్తిగా ఎండబెట్టి, అప్పుడు పోయండి. ఎండితే ఆ క్రిమి బతకదు. నేను కోళ్ళ సంగతి అడిగాను. పక్కింటి కోళ్ళు బాగానే ఉన్నాయా అన్నాడు. బాగానే ఉన్నాయన్నాను. అయితే ఆమెకు చెప్పండి, మీ గిన్నెలో వాటిని తాగనివ్వొద్దని, మీ నీళ్ళ నుంచే వాటికి రావచ్చు అన్నాడు.

ఆ గువ్వ బండి మీద తిరిగి వస్తుండగానే పోయింది. డబ్బా ముందు పెట్టుకుని, చెరువు కట్ట పక్క రోడ్డున చాలాసేపు బండి ఆపుకుని కూర్చున్నాను. మీటింగు మర్నాటి సాయంత్రం. ఇంకా వ్యవధి ఉంది. ఇంటికి వెళ్ళి బోర్డు పీకేసి, తప్పు నాదే అని గ్రూపులో ఒక్క ముక్క రాస్తే ఆమె కోళ్ళు ఆమెకుంటాయి. అంతకంటే చేయాల్సింది ఏమీ లేదు. ఇంత సుళువైన పనికి అన్ని అడ్డంకులు ఎలా పుట్టుకొచ్చాయో ఇప్పుడు ఆలోచిస్తే నాకే తెలియదు. నీళ్ళు ఆపితే ఎందుకు ఆపావని అడుగుతారు. ఆపకపోతే పిట్టలు చస్తాయి. నిజం చెబితే కాలేజీలో పిల్లలు నవ్వుతారు. చెప్పకపోతే ఆమె కోళ్ళు పోతాయి. ఎటు తిరిగినా గోడే తగిలింది. ఆ గోడలన్నీ నేను కట్టుకున్నవే.

ఇంట్లో డాక్టరు చెప్పిందంతా చెప్పాను. నా భార్య విని, మీ చలివేంద్రం ముసలాయన రోజూ తెల్లారకముందే కుండ బోర్లించి తోమి ఎండబెట్టేవాడు, మీరు బడి వదిలాక చూశారు కాబట్టి మీకు పోయడమే తెలుసు అంది. ఆమెది మా పక్క ఊరే, తెల్లవారుజామున పాలు పోయడానికి మా సెంటర్ మీదుగానే వెళ్ళేది. తర్వాత అంది:

"రేపు మీటింగులో చెప్పండి. నేను చెప్పను. అన్నది మీరు."

మీటింగు మా వీధి చివర ఖాళీ ప్లాటులో జరిగింది. ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. నన్ను అధ్యక్షుడి పక్కన కూర్చోబెట్టారు. ఆమె కొంగు తల మీదికి లాక్కుని ఒక పక్కన నిలబడింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. కోళ్ళు రోడ్ల మీద తిరగడం గురించి, పిల్లల ఆరోగ్యం గురించి, సర్కారు వాళ్ళు వస్తే మొత్తం వెంచర్‌నే మూసేస్తారన్న దాని గురించి తలా ఒకటి మాట్లాడారు. నేను లేచి మాట్లాడే ఖాళీలు రెండు మూడు వచ్చాయి. ఒకసారి గొంతు కూడా సవరించుకున్నాను. అందరూ నా వైపు తిరిగారు. మంచినీళ్ళు అడిగాను.

ఆమె వాళ్ళెవరికీ జవాబు చెప్పలేదు. నా దగ్గరికి వచ్చింది.

"సారు, నువ్వు చెప్పినవంటె నిజమే ఉంటది. నా కోళ్ళతోని నీ పిట్టలు సచ్చినయంటె గా పాపం నాకే తగుల్తది. బిడ్డ పురుడుకని సాదుకున్న. ఫికర్ చెయ్యకు, రేపే పంపిస్త."

ఆమె కూతురిని మంచాల వైపు ఊరికి ఇచ్చారు. మొదటి కాన్పుకు వస్తోంది. బాలింతకు నాటుకోడి పులుసు నీళ్ళు పట్టాలని, ఆర్నెల్ల ముందు నుంచి ఏ కోడి ఏ వారానికి అని ఆమె నా భార్యతో ప్రహరీ మీద నుంచి చెప్పుకుంటూ ఉండేది. ఆ సంగతి నాకు తెలుసు. ఆమె నన్ను తిట్టి ఉంటే నాకు నోరు వచ్చేదేమో. ఆమె నమ్మింది. ఆ నమ్మకం వచ్చి నా నోటికి అడ్డంగా నిలబడింది. సరే అక్కా అన్నాను.

మర్నాడు ఆమె భర్త ట్రాలీలో గంపలు కట్టాడు. కోళ్ళను ఆమె చెల్లెలింటికి పంపుతున్నారని తెలిసింది. ఆ గంపలు కట్టేటప్పుడు నేను స్నానాల గదిలో తలుపు వేసుకుని మూకుళ్ళు తోముతున్నాను. డాక్టరు చెప్పినట్టు ఆపేసే ధైర్యం లేదు, ఆపకుండా ఉండే ధైర్యం కూడా పోయింది. అందుకని దొంగతనంగా కడగడం మొదలుపెట్టాను. ఒక జత మూకుళ్ళు కొత్తవి కొన్నాను. ఒక జత డాబా మీద ఎండుతుంటే ఇంకో జత కింద. సపోటా కింద పెట్టడం మానేశాను, పైనుంచి రెట్ట పడుతుందని. గింజలు పొద్దున కాసేపు పెట్టి, తిన్నంత తిన్నాక పళ్ళెం తీసేసేవాణ్ణి. వీధివాళ్ళు తెచ్చి పోసే మిక్చరు, సాంబారన్నం, ముక్కిపోయిన బియ్యం అన్నీ ఆపాను.

పిట్టలు చావడం తగ్గింది, తర్వాత ఆగిపోయింది.

ఇదీ అసలు ఉరి. నేను నిజంగా చేసిన మంచి పని ఒకటే, ఆ కడగడం. అదే ఆమె మీద రుజువైంది. కోళ్ళు పోయినయ్, పిట్టలు బతికినయ్ అని గ్రూపులో రాశారు. నేను మూకుడు ఎంత శుభ్రంగా తోమితే ఆమె తప్పు అంత గట్టిపడింది. తోమడం మానేసి చూపించలేను కదా, పిట్టలు మళ్ళీ చస్తే గాని నమ్మరని. ఆగస్టు పదిహేనున జెండా కింద నాకు శాలువా కప్పారు. మా గేటు దగ్గరికి రాగానే ఆమె వాకిట్లోకి కనబడతాను. శాలువా మడిచి చంకలో పెట్టుకుని నడిచాను. ఆమె చూసి నవ్వి, మంచిగున్నది సారు అంది.

ఆ నెలల్లో నా ఇల్లు నాకు ఇరుకైపోయింది. ప్రహరీ వైపు కిటికీ తీసేవాణ్ణి కాదు. పొద్దున లేస్తే అవతల కోళ్ళను పిలిచే గొంతు లేదు. నా భార్య ఆమెతో మాట్లాడటం తగ్గించింది. మాట్లాడితే చెప్పేస్తానేమోనని భయమట. ఇంట్లో కూడా మేమిద్దరం అవసరమైనవే మాట్లాడుకునేవాళ్ళం. పక్కింటామె కూతురు కాన్పుకు వచ్చింది, మగపిల్లవాడు పుట్టాడు. బజారు కోడితో పులుసు కాచారు. నా భార్య వెళ్ళి చూసి వచ్చింది. పిల్లాడు బాగున్నాడు అని, ఇంకేమీ చెప్పకుండా వంటగదిలోకి వెళ్ళిపోయింది.

చలికాలం చివర ఒక ఆదివారం ఆమె మా గేటు దగ్గరికి వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడింది.

"సారు, ఒక మాట అడుగుదామని వచ్చిన. అంగట్ల నాలుగు కోడిపిల్లలు తెచ్చుకోవాల్నని ఉంది. నీ పిట్టలకు ఏం గాదంటెనే. నువ్వు వద్దంటె వద్దు."

నన్ను అనుమతి అడుగుతోంది, తన ఇంట్లో కోడిపిల్లలు పెంచుకోవడానికి. గేటు పట్టుకునే మొత్తం చెప్పాను. గొంతుపుండు, ఎంగిలి నీళ్ళు, కడగని మూకుడు, డాక్టరు మాట, మీటింగు ముందే నాకు తెలియడం. ఎక్కడా సందు పెట్టుకోలేదు.

ఆమె ముందు ఒక్కటే అడిగింది.

"అంటె నా కోళ్ళు మంచిగనే ఉండె?"

"మంచిగానే ఉన్నాయి అక్కా."

"నేను మా చెల్లెకు ఇచ్చుకుంట చెప్పిన, ఇవి రోగం కోళ్ళు, నీ కోళ్ళల్ల కలపకు, జర ఏరుగ పెట్టు అని. ఇంత చెప్పినంక ఆమె భయపడదా? అన్ని కోసి బొందల పెట్టిండ్రు. ఒక్కటి గూడ తినలే."

కోసి గోతిలో పాతేశారన్న సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. అవి ఎక్కడో ఒకచోట బతికే ఉన్నాయని, వాళ్ళ చెల్లెలి పెరట్లో గింజలు ఏరుకుంటున్నాయని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఆమె తెలియని రోగాన్ని కూడా దాచకుండా చెప్పింది. నేను తెలిసిన రోగాన్ని దాచాను. కొత్త కోళ్ళు నేను కొనిస్తానన్నాను. ఎన్ని కావాలంటే అన్ని.

"నువ్వు కొనిస్తె తప్పు నాది, దయ నీది అయితది" అంది. "నాకు చెప్పినవ్, సరే. నలుగుట్ల అన్నవ్ గద. నలుగుట్ల చెప్పు."

ఆ పూటే అధ్యక్షుడి ఇంటికి వెళ్ళాను. ఆయన విని, టీ తెప్పించి, అయిపోయిన ముచ్చట ఇప్పుడెందుకు సారు, ప్లాట్లు అమ్ముడుపోయేటప్పుడు గిసుంటివి తియ్యొద్దు అన్నాడు. ఇంటికొచ్చి గ్రూపులో రాశాను, తప్పు నాదని, కోళ్ళకు ఏ సంబంధమూ లేదని. వరసగా దండాల బొమ్మలు వచ్చాయి. పక్కింటి పేదామెను కాపాడటానికి నింద తన మీద వేసుకున్న పెద్ద మనసు అని ఒకరు రాశారు. కాదు, నిజంగానే నేనే అని మళ్ళీ రాశాను. మీలాంటివాళ్ళు ఉండబట్టే వానలు పడుతున్నాయి అని ఇంకొకరు. అబద్ధం ఒక్క మాటతో నమ్మారు. నిజం ఎన్ని మాటలు రాసినా నా గొప్పతనం కిందే జమ అవుతోంది. ఫోను పక్కన పెట్టి, రెంచి తీసుకుని వెళ్ళి గేటుకున్న బోర్డు ఊడదీశాను. మర్నాడు దాన్ని ఎవరో దొంగిలించారని గ్రూపులో వచ్చింది. నేనే తీశానని రాశాను. నిరాడంబరత అన్నారు.

ఆ ఎండాకాలం మొదట్లో, డాక్టరు అసలు చెప్పిన పని చేశాను. మూకుళ్ళు బోర్లించి, కొన్ని వారాలు నీళ్ళూ గింజలూ ఏవీ పెట్టలేదు. మళ్ళీ ఒక గువ్వ గడ్డం తడిగా కనిపించింది కాబట్టి. ఎందుకు ఎండబెట్టారని అడిగినవాళ్ళందరికీ కారణం చెప్పాను. బోర్లించిన మూకుడు మీద వచ్చి కూర్చుని గువ్వలు నా వైపు చూసేవి. అది చూడటం కష్టంగా ఉండేది. కొన్నాళ్ళకు చెదిరిపోయాయి. మళ్ళీ మొదలుపెట్టాక తక్కువే వచ్చాయి. ఈకలు దగ్గరగా, మెడ నిటారుగా, మనిషి అడుగు వినగానే ఎగిరిపోయేలా ఉన్నాయి. పిట్ట మనల్ని చూసి భయపడితే అది ఆరోగ్యంగా ఉన్నట్టని ఇప్పుడు నాకు తెలుసు.

ఆమె కోడిపిల్లలను తెచ్చుకుంది. అంగట్లో తనే బేరమాడి, తన డబ్బుతో. నాతో మాట్లాడటం మానలేదు, కానీ అంతకుముందులా లేదు. కోళ్ళు రోడ్డు మీదికి వస్తే ఎవరో ఒకరు వెళ్ళి, మళ్ళ తెచ్చినవా, అడిగినవా ఎవరినన్న అని ఆమెను నిలదీస్తారు. ఆమె గొడవ పెట్టుకోదు. మా గేటు వైపు చెయ్యి చూపించి, సారును అడుగుండ్రి అంటుంది. వాళ్ళు వచ్చి బెల్లు కొడతారు. నేను ఏ పనిలో ఉన్నా బయటికి వచ్చి, గేటు దగ్గర నిలబడి, మొదటి నుంచి మొత్తం చెప్పాలి. ఎదురుగా మనిషి నిలబడి ఉంటే దండాల బొమ్మలు ఉండవు. కొందరు నమ్ముతారు. కొందరు నమ్మి, నన్ను ఇంకోలా చూసి వెళ్ళిపోతారు. ఆమె నాకు వేసిన శిక్ష ఇదే అనుకుంటాను, ఆమె దాన్ని శిక్ష అనుకోకపోయినా. ఊరు వదిలి పోదామని ఒకటి రెండుసార్లు అనిపించింది. పోతే ఆమె ఎవరి వైపు చెయ్యి చూపిస్తుంది?

మొన్న అలాగే ఒకతను వచ్చాడు. మా వరసలో కొత్తగా అద్దెకు దిగినవాడు, వాళ్ళది కూడా మా వైపే. ఆ కోళ్ళకు రోగమట కదండీ అన్నాడు. లేదని, రోగం నా మూకుట్లో ఉండిందని, నేను వాటి మీద వేశానని, అవి మంచి కోళ్ళు అయినా బొందలో పడ్డాయని చెప్పాను. అతను తల గోక్కుంటూ విన్నాడు. నన్ను పొగడలేదు. తిట్టనూ లేదు.

"అయితే ఇప్పుడున్నవి గుడ్లు పెడుతున్నాయా? అమ్ముతుందా ఆవిడ? మా పాపకు నాటు గుడ్లు పెట్టమన్నారు."

అలవాటుగా ప్రహరీ వైపు తిరిగి అక్కా అని కేకేయబోయాను. ఆగాను. అమ్ముతుందో లేదో చెప్పడానికి నేనెవర్ని?

"నాకు తెలియదు బాబూ. ఆమెనే అడగండి" అన్నాను.

అతను గోడ పక్క నుంచి నడిచి ఆమె తలుపు దగ్గరికి వెళ్ళాడు. నేను లోపలికి పోకుండా అక్కడే నిలబడ్డాను. ఆమె గొంతు వినిపించింది, పాప ఎంతది, జ్వరం ఏమన్న ఉన్నదా అని అడుగుతోంది.